ఉష్ణమోచక చర్యల బోధన: ఒక విమర్శ

పొడిసున్నంలో నీరు పోసి, బీకరును తాకి చూడుమనే ప్రయోగం ఉన్నత పాఠశాలలో చదివినవారికి కొత్త కాదు. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2006లో మొదట ప్రచురించిన పదవ తరగతి సైన్సు పుస్తకంలో మొదటి అధ్యాయానికి ఈ ప్రయోగం ఆయువుపట్టు. 2024-25 విద్యాసంవత్సరంలో ఆంధ్రప్రదేశ్ పదవ తరగతిలో ప్రవేశించినది ఈ మండలి పాఠ్యక్రమమే. కనుక వేడిని విడుదల చేసే చర్యలను ఆ అధ్యాయం ఎట్లు బోధించినదో పరిశీలించుట మన ఉపాధ్యాయులకు అవసరం.

ముందు మెచ్చదగిన దానిని చెప్పవలెను. ఉష్ణమోచక చర్య అనగానే మంట, పేలుడు అనే భ్రమను ఈ అధ్యాయం కలిగించదు. మన శ్వాసక్రియ, కుళ్ళి ఎరువుగా మారే ఆకులు అలములు కూడా ఈ కోవలోనివే అని స్పష్టంగా చెప్పినది. పెంటకుప్ప లోపల వెచ్చగా ఉండునని రైతుబిడ్డకు తెలియును. ఆ అనుభవానికి శాస్త్రంలో చోటు దొరకుట మంచిదే.

లోపం ఆ తరువాత ఉన్నది. బీకరు వేడెక్కినది, కనుక చర్య ఉష్ణమోచకం అని చెప్పి పాఠం ముందుకు సాగిపోవును. ఆ వేడి ఎంత? ఎక్కడి నుండి వచ్చినది? చర్య ముగిసిన పిదప గొట్టంలో మిగిలినది ఏమగును? ఈ మూడు ప్రశ్నలు అడుగనందున విద్యార్థికి దక్కునది ఒక పేరు మాత్రమే.

విచిత్రమేమనగా, జవాబుకు కావలసిన సామగ్రి అంతా ఆ అధ్యాయంలోనే ఉన్నది. సున్నపురాయిని కాల్చి పొడిసున్నం చేయుట ఒకచోట ఉన్నది. పొడిసున్నం నీటితో కలియుట వేరొకచోట ఉన్నది. వెల్ల వేసిన గోడపై తడిసున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డైఆక్సైడును, పీల్చుకొని తిరిగి కాల్షియం కార్బొనేటుగా మారుట మరొకచోట ఉన్నది. వీటిని ఒక లెక్కలో కూర్చి చూపినవారు లేరు. కూర్చి చూతము. 100 గ్రాముల సున్నపురాయి 56 గ్రాముల పొడిసున్నంగా మారుటకు సుమారు 178 కిలోజౌళ్ళ ఉష్ణం కావలెను. 44 గ్రాముల కార్బన్ డైఆక్సైడు వెలువడును. ఆ సున్నంలో నీరు పోసినపుడు 65 కిలోజౌళ్ళు బయటికి వచ్చును. గోడపై అది కార్బొనేటుగా మారునపుడు 113 కిలోజౌళ్ళు వచ్చును. 65, 113 కలిపిన 178! బట్టీలో పెట్టిన పెట్టుబడే మనకు రెండు వాయిదాలలో తిరిగి వచ్చుచున్నది. రాయి విడిచిన 44 గ్రాముల వాయువును గోడ తిరిగి తీసుకొనును. కాని బట్టీలో కాల్చిన బొగ్గు పొగను ఏ గోడా తీసుకొనదు. హరిత రసాయన శాస్త్రానికి ఇంతకంటె చక్కని ప్రవేశిక ఏమి కావలెను?

ఇక కొలత. తాకి చూచుటకు బదులు థర్మామీటరు వాడవలెను. గుడ్డ చుట్టిన స్టీలు గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీరు తీసుకొని, 5.6 గ్రాముల తాజా పొడిసున్నాన్ని కొద్దికొద్దిగా వేయుచు కడ్డీతో కలుపవలెను. కళ్ళద్దాలు తప్పనిసరి, సున్నం కంటికి ప్రమాదకరం. అల్యూమినియం గిన్నె పనికిరాదు; సున్నం దానిని తినివేయును. లెక్క ప్రకారం ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలు పెరుగవలెను. తరగతిలో అంత రాదు. గ్లాసు కొంత వేడిని తీసుకొనును. నిలవ ఉన్న సున్నం గాలిలోని తేమకు ముందే కొంత విరిసి ఉండును. ఆ తేడాకు కారణం వెదకుటే అసలు పాఠం. అదే సున్నాన్ని 20 మిల్లీలీటర్ల నీటిలో వేసినచో? సుమారు 78 డిగ్రీలు పెరుగవలెను, అనగా నీరు మరుగును. ఇది నల్లబల్లపై చేయవలసిన లెక్కయే గాని, చేసి చూడరాదు.

ఈ లెక్క ఎందుకో విశాఖపట్నం చెప్పినది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున వెంకటాపురం వద్ద ఒక కర్మాగారపు ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. స్టైరీన్ అణువులు ఒకదానికొకటి గొలుసుగా కూడునపుడు ఒక మోలుకు సుమారు 70 కిలోజౌళ్ళు వెలువడును. మన సున్నం ఇచ్చునది 65. పెద్ద తేడా లేదు! గ్లాసులోని వేడి బయటికి పోవును. నిలవ ట్యాంకులో అది పేరుకొనును. వేడి పెరిగిన కొలది చర్య వేగం పెరుగును, వేగం పెరిగిన కొలది వేడి పెరుగును. ప్రమాదం వేడిలో లేదు. వేడికి దారి లేకపోవుటలో ఉన్నది. బీకరును తాకి మాత్రమే వచ్చిన విద్యార్థికి ఈ సంగతి ఎట్లు తెలియును?

మూడవ ప్రశ్నకు ఈ అధ్యాయం మరింత వెనుకబడినది. వియోగ చర్యకు 2 గ్రాముల లెడ్ నైట్రేటును వేడిచేయుమన్నది. పది జట్లు చేసినచో గదిలోకి 5 గ్రాములకు పైగా నైట్రోజన్ డైఆక్సైడు, గొట్టాలలో 13 గ్రాముల సీసపు ఆక్సైడు. ఒకటి ఊపిరితిత్తులకు, రెండవది మెదడుకు విషం. ఉష్ణగ్రాహక చర్యకు బేరియం హైడ్రాక్సైడును వాడుమన్నది, అదియు విషమే. గోధుమరంగు పొగ విద్యార్థిని ఆకర్షించును, గుర్తుండును అని కొందరు ఉపాధ్యాయులు వాదించుదురు. వాదం అబద్ధం కాదు. కాని గుర్తుండుటకు విషమే కావలెనా? వంటసోడాను కాల్చి, వచ్చిన వాయువును సున్నపుతేటలోనికి పంపిన తేట పాలవలె మారును. అదియు గుర్తుండును. నిమ్మ ఉప్పును, వంటసోడాను నీటిలో కలిపిన పాత్ర చల్లబడును. మిగిలినది కాలువలో పోసినను హాని లేదు. సున్నపుతేటకు వేరే వెదుకనక్కరలేదు. మొదటి ప్రయోగంలో మిగిలినదానిని వడపోసిన చాలును. అడుగున మిగిలిన ముద్దతో బడి ప్రహరీకి వెల్ల వేయవచ్చును.

1998లో అనస్టాస్, వార్నర్ అను రసాయనజ్ఞులు హరిత రసాయన శాస్త్రానికి 12 సూత్రాలు ప్రకటించిరి. వ్యర్థాన్ని శుద్ధిచేయుటకంటె పుట్టనీయకుండుట మేలన్నది వాటిలో మొదటిది. ఈ సూత్రాలను కంఠస్థం చేయించిన లాభం లేదు. లెడ్ నైట్రేటు సీసాను అల్మారాలోనే ఉంచి, వంటసోడా పొట్లం విప్పిన ఉపాధ్యాయుడు ఆ సూత్రాన్ని బోధించినట్లే. ప్రశ్నపత్రం కూర్చువారును కొంత సాయపడవలెను. ఉష్ణమోచక చర్యను నిర్వచింపుమని అడుగుటతో ఆగక, సున్నపు లెక్క ఒకటి ఇచ్చి, మిగిలిన పదార్థాన్ని ఏమి చేయుదువో వ్రాయుమని అడుగవలెను.