ఇద్దరు మనుషులు చూశాకే

కృత్రిమ మేధకు ప్రభుత్వాలు పగ్గం వేయాలా వద్దా అన్న వాదన మన దగ్గరా జోరుగానే సాగుతోంది. వేయాలనేవాళ్లు ముంచుకొచ్చే ముప్పుల గురించి చెబుతారు, వద్దనేవాళ్లు ఆగిపోయే ఆవిష్కరణల గురించి చెబుతారు. వేస్తే ఎలా వేయాలి, ఏ మాట ఎక్కడ రాయాలి అన్న దగ్గరికి వచ్చేసరికి ఎవరి నోటా మాట రాదు. ఆ పని చేసి చూపించిన చట్టం ఒకటుంది. 2024లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన ఏఐ చట్టం అది. 113 అధికరణాలు, 13 అనుబంధాలు, వాటన్నిటికీ ముందు 180 పేరాల పీఠిక. చదవడానికి ఓపిక కావాలి. ఓపికగా చదివితే, మాటను ఆచితూచి వాడే మనుషులు దీని మీద ఎంత కష్టపడ్డారో తెలుస్తుంది.

మొదటి ముసాయిదా 2021 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికి చాట్‌జీపీటీ లేదు. అది వచ్చాక, ఏ పనికైనా పనికొచ్చే పెద్ద మోడళ్ల కోసం మధ్యలో ఒక అధ్యాయమే కొత్తగా చేర్చాల్సి వచ్చింది. 2024 మార్చిలో యూరోపియన్ పార్లమెంటు 523 ఓట్లతో ఆమోదించింది, వ్యతిరేకంగా పడినవి 46. ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది, అదీ ఒక్కసారిగా కాకుండా విడతలవారీగా.

దీని పనితనమంతా ఒక నిర్ణయంలో ఉంది. చట్టం ఎక్కువగా యంత్రం జోలికి పోదు, ఆ యంత్రంతో ఎవరు ఏ పని చేయిస్తున్నారో చూస్తుంది. ముఖాన్ని చదివే కెమెరానే తీసుకుందాం. ఫోను తెరవడానికి మీ ముఖం మీదేనా అని సరిచూసుకుంటే ఈ చట్టానికి అభ్యంతరం లేదు, దాన్ని కఠిన నియమాలు వర్తించే అధిక ప్రమాదం జాబితాలోంచి పేరుపెట్టి మరీ మినహాయించారు. అదే కెమెరా తరగతి గదిలో పిల్లల ముఖాలు చూసి ఎవరికి విసుగు పుట్టిందో, ఎవరు శ్రద్ధగా ఉన్నారో చెప్పడానికి పూనుకుంటే 5వ అధికరణం కింద నిషేధం. ఆఫీసులో ఉద్యోగుల మీద పెట్టినా అంతే. వైద్యానికి, భద్రతకు అయితే తప్ప కుదరదు.

మరి రాత్రంతా బండి నడిపే డ్రైవరు సంగతి? అతని కునుకును కనిపెట్టే కెమెరాకు కూడా ఈ నిషేధం తగులుతుందా? ఈ ప్రశ్న ముందే ఊహించి పీఠిక 18వ పేరాలో జవాబు రాసి పెట్టారు. నొప్పి, అలసట శరీర స్థితులు, భావోద్వేగాలు కావు. కాబట్టి ప్రమాదాలు తప్పించేందుకు పైలట్ల, డ్రైవర్ల అలసటను పసిగట్టే యంత్రాలు నిషేధంలోకి రావు. ఒక మంచి పనిముట్టును పొరపాటున చంపకుండా, ఒక చెడ్డ వాడకాన్ని గురిచూసి కొట్టడం అంటే ఇదే.

నాకు బాగా నచ్చింది 14వ అధికరణం. అధిక ప్రమాదం ఉన్న ప్రతి వ్యవస్థ మీదా మనిషి పర్యవేక్షణ ఉండాలంటుందది. ఇంతవరకు ఏ కమిటీ అయినా రాయగలదు. ఈ చట్టం అక్కడ ఆగలేదు. మనిషిని కూర్చోబెట్టినంత మాత్రాన పర్యవేక్షణ జరగదని దీన్ని రాసినవాళ్లకు తెలుసు. తెర మీద ఏది కనిపిస్తే దానికి తల ఊపడం మనిషికి అలవాటైపోతుంది. అందుకే ఆ మొగ్గు తనలో ఉందన్న ఎరుక పర్యవేక్షకుడికి కలిగేలా యంత్రాన్ని తయారుచేసి ఇవ్వాలని రాశారు. యంత్రం చెప్పింది పక్కన పెట్టే వీలు, దాని ఫలితాన్ని తిరగేసే వీలు, ఆపేసే మీట, అన్నీ పేరుపేరునా ఉన్నాయి. తర్వాత 26వ అధికరణం, ఆ మనిషికి నైపుణ్యం, శిక్షణలతోపాటు అధికారం కూడా ఉండాలంటుంది. ఆ ఒక్క మాట లేకపోతే మిగతావన్నీ దండగే. పై అధికారికి జవాబు చెప్పుకోలేని చిన్న ఉద్యోగి కంప్యూటర్ మాటను ఎలా కాదంటాడు?

ముఖాన్ని బట్టి దూరం నుంచే మనిషిని గుర్తించే వ్యవస్థల విషయంలో ఇంకో మెట్టు ఎక్కారు. యంత్రం ఫలానావాడు అని చెప్పగానే చర్య తీసుకోకూడదు, తగిన అర్హత ఉన్న ఇద్దరు మనుషులు విడివిడిగా సరిచూసి ధ్రువీకరించాకే ముందుకు కదలాలి. ఇంత చక్కగా రాసిన చేయే వెంటనే ఒక మినహాయింపు కూడా రాసింది. పోలీసు, వలస, సరిహద్దు, శరణార్థుల వ్యవహారాల్లో ఈ నియమం మితిమీరినదని యూనియన్ చట్టం గానీ సభ్యదేశపు చట్టం గానీ అనుకుంటే వదిలేయవచ్చట. తప్పుడు గుర్తింపు వల్ల ఎక్కువ నష్టపోయేది అక్కడే. జాతీయ భద్రత, సైన్యం సంగతి సరేసరి, అవి మొత్తంగా చట్టం బయటే ఉన్నాయి. ఈ కుట్టు ఇక్కడ వదులైంది, కావాలనే వదులు చేశారు.

ఇంకోచోట మాత్రం మినహాయింపును గట్టిగా బిగించారు. ఉద్యోగాల ఎంపిక, పరీక్షలు, బ్యాంకు రుణం, అత్యవసర ఫోన్ల క్రమం లాంటివి అధిక ప్రమాదం జాబితాలో ఉన్నాయి. అయినా యంత్రం చేసేది చిన్న గుమాస్తా పనే అయితే కంపెనీ ఆ జాబితా నియమాల భారం నుంచి తప్పుకోవచ్చని 6వ అధికరణం ఒప్పుకుంటుంది. తప్పుకునేవాళ్లు ఎందుకు తప్పుకుంటున్నారో రాసిపెట్టుకోవాలి, పేరు నమోదు చేసుకోవాలి. మనుషుల వివరాలు పోగుచేసి వాళ్లెలాంటివాళ్లో అంచనా కట్టే యంత్రమైతే ఆ దారి పూర్తిగా మూత.

కళాకారుల పట్ల చూపిన మర్యాద కూడా చెప్పాలి. డీప్‌ఫేక్ అయితే డీప్‌ఫేక్ అని ప్రకటించాల్సిందే. సినిమాలాంటి కళాసృష్టి అయితే, చూసే ఆనందం చెడకుండా ప్రకటిస్తే చాలు.

నిషేధాలను మీరితే జరిమానా 3.5 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవరులో 7 శాతం, ఏది ఎక్కువైతే అది. చిన్న సంస్థలకు ఏది తక్కువైతే అది.

ఈ చట్టాన్ని చదువుతుంటే మూడో అనుబంధంలో ఒక అంశం దగ్గర తెలంగాణ గుర్తొస్తుంది. ప్రభుత్వ సాయానికి ఎవరు అర్హులో తేల్చే, ఇచ్చినదాన్ని రద్దు చేసే వ్యవస్థలు కూడా అధిక ప్రమాదమేనని అక్కడ ఉంది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను కలిపిచూసి అనర్హులెవరో చెప్పేది. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడిని పేరు కలిసిన కారు యజమానిగా లెక్కగట్టి ఆ కుటుంబానికి రేషన్ ఆపేశారు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. యూరప్ చట్టం కింద అయితే అలాంటి కుటుంబానికి, ఈ నిర్ణయంలో యంత్రం పాత్ర ఏమిటో, ముఖ్యమైన కారణాలేమిటో స్పష్టంగా వివరించమని అడిగే హక్కు 86వ అధికరణం ఇస్తుంది.

మన దేశంలో 2025 నవంబరులో కేంద్రం విడుదల చేసిన ఏఐ మార్గదర్శకాలు ప్రస్తుతానికి ప్రత్యేక చట్టం అక్కర్లేదన్నాయి. అదే నెలలో యూరోపియన్ కమిషన్ కూడా తన చట్టంలోని అధిక ప్రమాదం నిబంధనలను వాయిదా వేయాలని ప్రతిపాదించింది, ప్రమాణాలు ఇంకా సిద్ధం కాలేదని. రెండింటినీ చూపి, చూశారా, చట్టాలతో పని కాదు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 113 అధికరణాలనూ ఇక్కడ దించుకోమని ఎవరూ అడగడం లేదు. రేషన్ కార్డు, పింఛను రద్దు చేసే ప్రతి కంప్యూటర్ నిర్ణయానికీ ఒక చిట్టా, దాన్ని కాదనే అధికారమున్న ఒక ఉద్యోగి, అడిగినవాళ్లకు కారణం చెప్పే ఒక కాగితం. సంక్షేమ పథకాల వరకు ఈ మూడింటినీ రాసుకోవడానికి రాష్ట్రాలు ఢిల్లీ కోసం ఆగనక్కర్లేదు.