పన్నెండు మెట్ల కిన్నెర: దారి పాటగాండ్ర విద్య, బ్రదుకు

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారిపై, ఇబ్రహీంపట్నము చేరుటకు ముందు తగులు తుర్కయంజాలులో, కట్టుబడి జరుగుచున్న ఒక ఇంటియొద్ద దర్శనం మొగులయ్య కూలిపని చేయుచు కనబడినాడని 2024 మే నెలలో పత్రికలు వ్రాసినవి. అంతకు రెండేండ్ల క్రిందటనే భారత ప్రభుత్వము పద్మశ్రీ ప్రకటించి గౌరవించిన కిన్నెర కళాకారుడాతడు. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలము వాడు. ఆ 2022లోనే విడుదలైన 'భీమ్లా నాయక్' చలనచిత్రములో తన కంఠము వినిపించి, అంతవరకు కిన్నెర యనగా నేమో యెరుగని పట్టణపు యువకులచేత కూడ ఈలలు వేయించినవాడు. ఆ వార్త చదివి కొందరు ప్రభుత్వమును నిందించిరి. మరికొందరు, రాష్ట్ర ప్రభుత్వమిచ్చిన కోటి రూపాయలు ఏమైనవని లెక్క అడిగిరి. ఈ రెండును అసలు సంగతికి ఎడముగనే నిలిచిన మాటలు. ఊరూర తిరిగి పాడుటయే వృత్తిగా గలవానికి తిరుగుటకు ఊళ్లు లేకపోయిన నాడు, బిరుదు గాని బహుమానము గాని ఆ లోటును పూడ్చగలదా యనునదే విచారింపదగినది.

మొగులయ్య తాతతండ్రుల నాటి కిన్నెరగాండ్రకు ఊళ్లు ఉండెడివి. తెలంగాణలో ఒక్కొక్క కులమును ఆశ్రయించి, ఆ కులపు పుట్టుకను, పురాణమును పాడి జీవించు కులములు అనేకము. కిన్నెరను చేతబట్టిన డక్కలివారు మాదిగలకు ఆశ్రితులు. జాంబవపురాణమును పటముపై బొమ్మలుగా చూపుచు గానము చేయుట, దాత వంశమును వినిపించుట, త్యాగమను కానుకను పుచ్చుకొనుట వారి హక్కు. ఆ హక్కును మిరాశీ యందురు. ఏ ఊరిలో ఎవరు పాడవలెనో కుటుంబముల మధ్య ముందే పంపకమై యుండెడిది కనుక, వచ్చినవాడు బిచ్చగాడుగా కాక రావలసినవాడుగా వచ్చెడివాడు. ఈ వ్యవస్థను చూచి మురిసిపోవలసిన పనిలేదు. పాట వినుటకు పిలిచినవారు సైతము పాడువానిని ఊరిలోపల దిగనిచ్చెడివారు కారు. వాని గుడారము ఊరి వెలుపలనే పడెడిది. అయినను ఆ అవమానముతోపాటు వానికొక సంచారమార్గమును, ఆ మార్గమున గింజలును దొరకెడివని మాత్రము ఒప్పుకొనక తప్పదు.

వాద్యము చూడబోయిన మిక్కిలి ప్రాచీనము. పదమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరములో కిన్నరీవీణను, దాని భేదములను వర్ణించినాడు. ఆ శతాబ్దపు వాడే యగు పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య యను భక్తుని కథ చెప్పినాడు. రాజసభలలో ఆదరము తగ్గిన పిదప ఈ వాద్యము ఊరిచివరి గుడిసెలలో ఇన్ని తరములు బ్రదికినదనగా, దానిని కాపాడిన చేతులెవ్వరివో మనము కొంచెము సిగ్గుపడుచు తలచుకొనవలసియున్నది.

దాని నిర్మాణము సైతము దారినపోవువాని నిర్మాణమే. వెదురు దండము, దాని క్రింద ఎండిన ఆనపకాయ బుర్రలు, దండముపై తేనెమైనముతో నిలిపిన మెట్లు, ఒకప్పుడు జంతువుల నరములతోను, స్త్రీల వెండ్రుకలతోను పేనుచుండిన, ఇప్పుడు లోహమైన తంత్రులు. వీనిలో అంగడికి పోయి కొనవలసినది దాదాపుగా లేదు. చేను, అడవి, తేనెపట్టు చాలును. మెట్టును మైనమున నాటుటలో ఒక సౌలభ్యము గలదు: ఎండకు మెత్తబడినను, ప్రయాణమున కదలినను, మరల వెచ్చచేసి తన కంఠమునకు తగిన చోట నిలుపుకొనవచ్చును. ఏడు మెట్ల కిన్నెరలును ఉన్నవి గాని, మొగులయ్య వంశములో వచ్చినది పన్నెండు మెట్లది. దండము కొసన ఒక కొయ్యపక్షి. వాయించునపుడు అది లయకు తగినట్లు తల యూచును. పండితులు దీనిని అలంకారమని దాటిపోవుదురు. నాకు మాత్రమది విద్యలో భాగముగనే తోచును. కిన్నెర నాదము పెద్దది కాదు. డప్పువలె పొలిమేర దాటి పిలువలేదు. దూరమునున్న బాలుడు మొదట ఆ పక్షిని చూచి దగ్గరకు వచ్చును. దగ్గరకు వచ్చిన పిదప నాదము వానిని కదలనీయదు.

పాట కట్టు తీరు ఇంకను గమనింపదగినది. గాయకుడు ఒక చరణమును ఎత్తి విడుచును. విడిచిన చోట కిన్నెర అందుకొని ఆ వరుసనే పలికి, లేదా రెండు స్వరములు మార్చి పలికి, మరల వానికి అప్పగించును. ఈ యెడము శ్రోతకు ఇంపు, గాయకునకు అవసరము. ఆ కొన్ని క్షణములలో వాడు ఊపిరి తీయును, జనము ముఖములు చూచును, తరువాతి మాటను ఏరుకొనును. వ్రాసికొన్న ప్రతి లేదు. ప్రతిసారి కథ కొత్తగా కట్టబడును. వీరుని మీసము, గుఱ్ఱపు నడక, కోట గుమ్మము, తల్లి శోకము మొదలగు వర్ణనములను, ఇల్లాలు దంచి నిలువ చేసికొన్న కారపుపొడివలె, ఏ కథలోనైనను ఇంత వేయుటకు సిద్ధముగ ఉంచుకొనును. ఆ యూరి పేరు, కూర్చున్న పెద్ద పేరు, ఆ సంవత్సరపు వాన సంగతి అప్పటికప్పుడు చేర్చును. ఇట్టి ఆశుకల్పనను శతావధానులలో మెచ్చుకొను మనము వీరిలో 'నోటికి వచ్చినది పాడుట' యని తేలికగా అనుచుందుము. ఈ పక్షపాతమునకు కారణము సాహిత్యములో వెదకిన దొరకదు.

వారు పాడినది ఎవరిని? మొగులయ్య నోట ఎక్కువగా వినబడినది పండుగ సాయన్న కథ: పాలమూరు ప్రాంతమున కలవారిని కొట్టి లేనివారికి పెట్టినాడని జనము నమ్మిన వీరుడు. శారద యను తంత్రీవాద్యమును భుజమున వేసికొని, బొటనవ్రేలి అందెలతో తాళము వేయుచు, ఇరుప్రక్కల బుడిగెలు వాయించు స్త్రీల వంతపాటతో తిరుగు శారదకథకులు పాడునది సర్వాయి పాపన్నను. కల్లుగీత కులమున పుట్టి, 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, 1710లో పట్టుబడి వధింపబడిన ఆ పాపన్న, మొగలు చరిత్రకారుల వ్రాతలలో బందిపోటు మాత్రమే. అతని పాటను జె.ఎ. బాయిల్ అను ఆంగ్లేయుడు 1874లో 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో లోకమునకు చూపునాటికి అది నూటయరువది యేండ్లకు పైబడి ఊళ్ల నోళ్లలో నిలిచియున్నది. ఓడినవాని పక్షమున సాక్ష్యము చెప్పుటకు ఈ పాటగాండ్రు తప్ప మరి దిక్కు లేదు.

సముద్రముల కావల ఇట్టి పాటగాండ్రే ఉండిరి. 1903 ప్రాంతమున అమెరికాలోని మిసిసిపి రాష్ట్రమున, టట్విలర్ అను రైల్వేస్టేషనులో బండికై వేచియున్న డబ్ల్యు.సి. హాండీ అను సంగీతకారుడు, చినిగిన బట్టలతో నొక నల్లజాతి మనిషి గిటారు తంత్రులపై కత్తిని జార్చి వాయించుచు, ఒకే చరణమును మరల మరల పాడుట విని ఆశ్చర్యపడినాడు. ఆ సంగీతమునే తరువాత బ్లూస్ అనిరి. ఒక మాట పాడి, దానినే తిరిగి పాడి, మూడవదానితో ముడి విప్పుట దాని పద్ధతి. కంఠము విడిచిన చోట గిటారు బదులు పలుకుట దాని ప్రాణము. స్వరమునకు స్వరమునకు నడుమ జారి నిలుచుట దాని దుఃఖము. అది సాధారణముగ పన్నెండు కొలతల ఆవృత్తిలో నడచును. మన కిన్నెరకు మెట్లు పన్నెండు. ఈ సంఖ్యాసామ్యము యాదృచ్ఛికము, దానికి పొంగిపోనక్కరలేదు. తిరిగి పాడునపుడు దొరకు విరామములో మూడవ మాటను కల్పించుకొనుట మాత్రము యాదృచ్ఛికము కాదు. ఒంటరిగా నిలిచి జనమును పట్టియుంచవలసిన పాటగాడు ఎచ్చటనైనను కనిపెట్టు ఉపాయమది.

ఆ బ్లూస్ పాటగాండ్ర బ్రదుకు సైతము పూలబాట కాదు. రాబర్ట్ జాన్సన్ 1936, 37 సంవత్సరములలో ఇరువదితొమ్మిది పాటలు రికార్డు చేసి, 1938లో ఇరువదియేడేండ్లకే మరణించినాడు. నల్లవారిని దిగనిచ్చు బసలేవో, తిననిచ్చు పూటకూళ్లిండ్లేవో తెలుపుటకు విక్టర్ గ్రీన్ అనువాడు 1936 నుండి ఇంచుమించు ఏటేట ఒక గ్రంథమునే ప్రకటింపవలసి వచ్చినది. ఊరి వెలుపలి గుడారము సంగతి అమెరికాకును తెలియనిది కాదన్నమాట. అయినను అచ్చట నల్లవారి నాటకశాలలు, నాట్యశాలలు, మధుశాలలు ఒకదాని వెంట ఒకటిగా గొలుసుకట్టి యొక సంచారమార్గమై నిలిచినవి. ఆ మార్గముననే బి.బి. కింగ్ 1956 ఒక్క సంవత్సరమున 342 కచేరీలు చేసినాడు. ఆ సంఖ్యను బిరుదుల పట్టికకంటె ఎక్కువ గౌరవముతో చదువవలెనని నా యభిప్రాయము.

మిసిసిపి జాన్ హర్ట్ అను పాటగాని కథ మనకు మరింత దగ్గర. 1928లో రికార్డులు చేసి, వెంటనే వచ్చిన ఆర్థికమాంద్యమున అవకాశములు పోగొట్టుకొని, అవలాన్ అను పల్లెలో ముప్పదియైదేండ్లు సేద్యపుపని చేసికొని బ్రదికినాడు. 1963లో టామ్ హాస్కిన్స్ అను యువకుడు, ఆతని పాత పాటలోనే ఊరి పేరు విని, పటములో వెదకి పోయి చూడగా, ఆతడు అచ్చటనే యున్నాడు. ఆ యేడే న్యూపోర్టు జానపదోత్సవమున పాడినాడు. తరువాత కళాశాలలలో, కాఫీశాలలలో వరుసగా పాడుచు, కొత్త రికార్డులిచ్చుచు, 1966లో కన్నుమూసినాడు. పొలములో దొరికినవానిని వారు వేదికల వరుసపై నిలిపిరి. వేదికనెక్కించిన మనవాడు కూలిపనిలో కనబడినాడు. తేడా దయలో లేదు, ఏర్పాటులో ఉన్నది.

మన యొద్దనే దీనికి ఎదురు నిదర్శనము కలదు. ఒగ్గుకథ అంతరించలేదు. కొమురవెల్లిలో సంక్రాంతి దాటిన మొదటి ఆదివారమున పట్నము వారము మొదలై ఉగాది వరకు జాతర సాగుచుండగా, ఇండ్లలో సైతము కురుమలు, గొల్లలు పంచవర్ణముల పొడులతో పట్నములు వేయించి, మల్లన్నకు మేడలమ్మతోను గొల్ల కేతమ్మతోను జరిగిన పెండ్లి కథను, బీరప్ప కథను ఒగ్గువారిచేత చెప్పించుకొనుచునే యున్నారు. అచ్చట డోళ్లు, తాళములు కలవు; కథకుడు ఒక గుడ్డ తలపై కప్పుకొని క్షణములో మేడలమ్మయై, అది తీసి క్షణములో మల్లన్నయగును. 2017లో గతించిన చుక్క సత్తయ్య ఈ విద్యను గుడిముంగిటి నుండి దేశపు వేదికలకు తీసికొనిపోయి, సంగీత నాటక అకాడమీ పురస్కారము పొందినాడు. అయినను ఆయన తరువాతివారు బ్రదుకుచున్నది ఆ పురస్కారమువలన గాదు, ఏటేట పట్నము వేయించుకొను ఇండ్లవలన. కిన్నెరకు ఆ యిండ్లు పోయినవి. కులపురాణము చెప్పించుకొనుట ఎవరికిని అక్కరలేని కాలము వచ్చినది. ఆ యక్కర పోవుట ఒక విధమున మంచిదే కూడ. మంచిదైన మార్పుకు వెల ఆ పాటగాండ్రే చెల్లించిరి.

వాద్యములను సేకరించి భద్రపరచుట గొప్ప పని. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు ఆ పనిలో జీవితములు వెచ్చించిరి. అయితే ప్రదర్శనశాలలో గాజుపెట్టె లోపలి కిన్నెర ఆశుకవిత్వము చెప్పదు. ఇబ్రహీంపట్నము చుట్టును ఇప్పుడు ఇంజనీరింగు కళాశాలలు అనేకము. వాని వార్షికోత్సవములకు పట్టణము నుండి శబ్దయంత్రములను, వానితో పాడువారిని లెక్కలేని వ్యయముతో రప్పించుచున్నారు. పెండ్లిమండపములకు కొదువలేదు, పీర్ల పండుగ, బోనాలు, బతుకమ్మ ఏటేట వచ్చుచునే యున్నవి. కావున చదువరులకు నా మనవి: మీ కళాశాలలో, మీ యింటి శుభకార్యములో, మీ యూరి జాతరలో ఒక కిన్నెరగాని గాని, శారదకథకుని గాని, ఒగ్గువారిని గాని పిలువుడు. సన్మానపు శాలువకు పిలువవలదు, కథకు పిలువుడు. ఇంత యిచ్చెదమని ముందే మాట్లాడి, ఆ మొత్తమును ఆ రాత్రియే చేతబెట్టుడు. ఐదు నిమిషములకు దింపివేయక, కథ ముగియువరకు కూర్చుండి వినుడు. మరుసటి యేటికి తేదీ అప్పుడే చెప్పి పంపుడు.