పునరుక్తి దోషమా? – మార్క్ హాడన్ నవలలో క్రిస్టఫర్ ప్రవర్తన: ఒక పరిశీలన

అలంకారశాస్త్రం పునరుక్తిని దోషంగా పరిగణిస్తూనే, భయసంభ్రమాది సందర్భాలలో దానికి మినహాయింపునిచ్చింది. ఎదుగుదల లోపాలున్న పిల్లల పునరావృత ప్రవర్తన సాహిత్యవస్తువైనప్పుడు ఈ వివేచన విమర్శకునికి ఉపకరిస్తుంది. 1943లో 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని వర్ణించిన లియో కానర్, పరిసరాలు మారకూడదన్న వారి పట్టుదలను ముఖ్యలక్షణంగా గుర్తించాడు. అది వైద్యుడు బయటినుంచి చూసిన లక్షణం. ఆ పిల్లవాడే కథకుడైతే అదెలా కనిపిస్తుందో మార్క్ హాడన్ నవల ‘ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్-టైమ్’ (2003) చూపుతుంది. ఇంగ్లండులోని స్విండన్‌లో నివసించే 15 ఏళ్ల క్రిస్టఫర్ ఇందులో కథకుడు. అతని స్థితికి నవల ఏ వైద్యనామమూ ఇవ్వదు.

పొరుగింటి కుక్క హత్యకు గురైన రాత్రి పోలీసు అధికారి క్రిస్టఫర్‌ను వరుసగా ప్రశ్నిస్తాడు. ప్రశ్నలు మీదపడేకొద్దీ అతడు నేలకు నుదురానించి మూలుగుతాడు. బయటి సమాచారం భరించలేనంతగా ముంచెత్తినప్పుడు ఆ మూలుగు తనకు రక్షణ అని పాఠకునికి వివరిస్తాడు. ఆ వివరణ అధికారికి అందదు. అతడు చేయి పట్టి లేపబోతాడు, క్రిస్టఫర్ కొడతాడు, అరెస్టవుతాడు. ఒకే చర్య పాఠకునికి ఆత్మరక్షణగా, అధికారికి మొండితనంగా తోచడమే ఈ ఘట్టంలోని విషాదం.

అయితే పునరావృతి అంతా ఊరటే అనడం తొందరపాటు. వరుసగా 4 ఎర్ర కార్లు కనిపిస్తే క్రిస్టఫర్‌కు మంచిరోజు. 4 పసుపుపచ్చ కార్లు కనిపిస్తే చెడ్డరోజు; ఆనాడు ఎవరితోనూ మాట్లాడడు, మధ్యాహ్న భోజనం ముట్టడు. ఇందులో హేతువేమిటని మనస్తత్వవేత్త అడిగితే, ఉదయం ఎండ కాసిందని సంతోషించే ఉద్యోగులను ఉదాహరణగా చూపుతాడు. శకునాలు, వర్జ్యాలు ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ తర్కం కొత్తది కాదు. కానీ వర్జ్యం కొన్ని గడియలలో ముగుస్తుంది. క్రిస్టఫర్ నియమం ఒక పూట తిండిని హరిస్తుంది. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌లో తలంపు ఇష్టం లేకున్నా చొరబడి బాధిస్తుంది. ఆటిజంలో పునరావృత చర్య తరచు ఊరటనిస్తుంది. రెండూ ఒకే పిల్లవానిలో ఉండవచ్చు. మూలుగు ఊరట అయితే, పసుపుపచ్చ కార్ల నియమం అతనికి ఊరటా, కట్టుబాటూ కూడా.

ఈ సందర్భంలో ఒక చిన్న వివరం గమనార్హం. వరుసగా రెండు చెడ్డరోజులు గడిస్తే, మూడోనాడు బడి చేరేవరకు బస్సులో కళ్లు మూసుకునే వీలు అతనికుంది. నియమం పోలేదు, నియమంలోనే ఒక వెసులుబాటు ఏర్పడింది. మాన్పించడానికీ, వదిలివేయడానికీ నడుమ మరో మార్గముందని ఈ సన్నివేశం సూచిస్తుంది.

శిల్పంలోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. క్రిస్టఫర్ తన అధ్యాయాలకు 2 నుండి 233 వరకు ప్రధాన సంఖ్యలనే వేస్తాడు. మొదట వింతగా తోచిన ఈ లెక్కకు పాఠకుడు క్రమంగా అలవాటుపడి, అతని నియమంలోనే కథను చదువుతాడు.

ఈ నవలకు ఒక పరిమితి ఉంది. క్రిస్టఫర్ తన మూలుగుకు అర్థం తానే చెప్పగలడు. మాటలు రాని పిల్లలకు ఆ అవకాశం లేదు. కనుక ఈ పాత్రను ఆటిజానికంతటికీ ప్రతినిధిగా గ్రహించరాదు. పునరుక్తి ఎదురైనప్పుడు దోషమని తీర్పు చెప్పేముందు సందర్భాన్ని విచారించాలన్నదే ఈ నవల విమర్శకు అందించే సూత్రం. వివరణ ఇవ్వలేని పిల్లల విషయంలో ఆ విచారణ బాధ్యత పూర్తిగా చూసేవారిదే.