బుడుగు బామ్మ, డెన్నిస్ విల్సన్

ముళ్లపూడి వెంకటరమణ బుడుగునీ హ్యాంక్ కెచమ్ డెన్నిస్‌నీ పక్కపక్కన పెట్టి మాట్లాడడం మనకు పాత అలవాటే. ఇద్దరూ అల్లరి పిడుగులు, ఇద్దరికీ బొమ్మల అండ ఉంది. పోలిక అక్కడితో ఆపేసేవాళ్లు పిల్లల్నే చూస్తున్నారు. నేను ముసలివాళ్లను చూడమంటాను. పిల్లాడి పక్కన ఏ పెద్దతలకాయను కూర్చోబెట్టారన్న దగ్గరే ఈ రెండు హాస్యాలూ దారులు చీలాయి.

డెన్నిస్ 1951 మార్చిలో అమెరికా పత్రికల్లో మొదలయ్యాడు. (విచిత్రం ఏమిటంటే, అదే నెలలో బ్రిటన్ ‘బీనో’ పత్రికలోనూ అదే పేరుతో ఇంకో అల్లరివాడు పుట్టాడు. ఈ ఇద్దరికీ చుట్టరికం లేదు. ఆదివారం పూట ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత కామిక్సు ఏరుకునేవాళ్లు ఏ డెన్నిసో చూసుకుని మరీ కొనాలి.) కెచమ్ తన నాలుగేళ్ల కొడుకును చూసి గీసిన బొమ్మ అది. అంటే చూసేది తండ్రి కన్ను. రోజుకో గడి, కింద ఒక మాట. పిల్లాడు ఏదో అంటాడు, పెద్దల మొహాలు మాడతాయి, అయిపోయింది. ఆ మాడే మొహాల్లో ముఖ్యమైనది పక్కింటి విల్సన్‌ది. ఉద్యోగం విరమించిన పోస్ట్‌మ్యాన్, పిల్లల్లేరు, కావలసిందల్లా కాస్త ప్రశాంతత. అతని భార్య మార్తా బిస్కెట్లు పెట్టి పిల్లాణ్ని చేరదీస్తుంది, అతను కసురుకుంటాడు. డెన్నిస్‌కు సొంత తాత ఉన్నా వచ్చిపోయే చుట్టమే. తాత చెయ్యాల్సిన పనంతా విల్సన్ మీద పడింది, అదీ అతనికి ఇష్టం లేకుండా. పోతపోసిన విసుగే అతని హాస్యం.

బుడుగు 1956-57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చాడు. ఇక్కడ చూసేదీ చెప్పేదీ పిల్లాడే. బామ్మ పక్కింట్లో లేదు, ఇంట్లోనే ఉంది. అమ్మ రాధ, నాన్న గోపాళం, బాబాయి, ప్రైవేటు మాష్టర్లు ఒకవైపు, బామ్మ మాత్రం మనవడి వైపు. ఇంట్లో ఏ కేసు ఓడినా అప్పీలు ఆవిడ దగ్గరే. వాడి అల్లరికి ఆవిడ మురిసిపోతుంది తప్ప బెదిరిపోదు. ఆ భరోసా ఉండబట్టే వాడు పెద్దల లోకాన్ని అంత ధీమాగా తప్పుపడతాడు. బామ్మను తీసేస్తే బుడుగు ఉత్త తుంటరి అయిపోతాడు. విల్సన్‌ను తీసేసినా డెన్నిస్ డెన్నిస్‌గానే మిగులుతాడు, ఇంకో పక్కింటాయన దొరుకుతాడు.

ఈ రెండు హాస్యాల తేడాను నా మీదే పరీక్షించి చూశాను. నాంపల్లి నుమాయిష్‌లో (1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, తర్వాత ఈ మైదానానికి మారిన పాత జాతర అది) మా ఐదేళ్ల మనవరాలు నా చెయ్యి విడిపించుకుని తిన్నగా మైకు దగ్గరికి వెళ్లి, తాతయ్య తప్పిపోయాడని ఫిర్యాదు చేసింది. ఆనవాళ్లు చెప్పమంటే, బట్టతల, రైలెక్కుదామంటే మోకాళ్ల నొప్పులంటాడు, అని చెప్పిందట. నేను రొప్పుతూ చేరేసరికి నడుం మీద చేతులు పెట్టుకుని, “చెయ్యి వదలొద్దని చెప్పానా లేదా?” అంది. అది పొద్దున్నుంచీ నేను దానికి చెప్తున్న మాట.

కెచమ్ అయితే ఈ ఘట్టాన్ని ఒక్క గడిలో ముగిస్తాడు: బల్ల అంచున పిల్ల జుట్టు, ఎదురుగా చెమటలు కక్కుతున్న నేను. నవ్వు నా అవస్థ మీద. రమణ అయితే మైకు పిల్ల చేతికే ఇచ్చేస్తాడు. ముసలివాళ్లు ఎందుకు తప్పిపోతారు, దొరికాక ఏం పెట్టాలి, వాళ్లను జాతరకు తేవడం ఎంత తలనొప్పి, అన్నీ అదే చెబుతుంది. అప్పుడు నవ్వు నా చాదస్తం మీద, నా శాసనాల మీద. రెండోది ఎక్కువ గుచ్చుతుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది.

బుడుగులో అంతా నిలబడిందనను. పక్కింటి పిన్నిగారి లావు మీద వేసిన జోకులు ఇప్పుడు వెలవెలబోతున్నాయి. గీత సంగతికొస్తే కెచమ్ గొప్పవాడే. చదువు రాని పిల్లకి కూడా అతని గడి క్షణంలో అందుతుంది, బుడుగు వాక్యాన్ని ఎవరో ఒకరు చదివి వినిపించాలి.

మన పత్రికల్లో మనవల ముచ్చట్లు రాసే తాతయ్యలూ అమ్మమ్మలూ ఎక్కువమంది తెలియకుండానే కెచమ్ దారి పట్టారు. పిల్లల నత్తిమాటలు పోగేసి బయట నిలబడి నవ్వుతారు, రాసినవాళ్లు మాత్రం ఎక్కడా నవ్వులపాలు కారు. అందుకని నా సలహా: డెన్నిస్‌ను మనవల చేతికివ్వండి, బుడుగును ముందు మీరు చదవండి.