పాశ్చాత్య వాద్యబృంద సభలో శ్రోతల స్పందనము : ఒక పరిశీలనము

సంగీత సభలను గూర్చి వ్రాయువారు సాధారణముగా వేదికవైపు చూచి వ్రాయుదురు. నేనీ వ్యాసమున నా ముందును వెనుకను కూర్చున్న శ్రోతలవైపు చూచి వ్రాయదలచితిని. గత సంవత్సరము ముంబయి నగరమున ఒక రంగశాలలో పాశ్చాత్య వాద్యబృందమొకటి పందొమ్మిదవ శతాబ్దికి చెందిన రెండు కృతులను వాయించెను. మొదటిది మెండెల్‌సన్ రచించిన వయొలిన్ కన్సర్టో. రెండవది చైకోవ్‌స్కీ ఆరవ సింఫనీ. మా పాఠశాల తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఎనమండుగురిని, వారిలో ఒకని తాతగారిని వెంటబెట్టుకొని నేనా సభకు పోయితిని. తక్కువ వెల టిక్కెట్లు గనుక మాకు మేడపైన కడపటి వరుసలలో చోటు దొరికెను. క్రింది సభయంతయు కనబడుటకు అంతకంటె మంచి చోటు లేదు.

ముంబయి తెలుగువారి పూర్వగాథ ఈ సంచిక చదువువారికి క్రొత్తది కాదు. కామాటిపురమను పేటకు ఆ పేరు మన కామాటీల వలననే వచ్చినది. వర్లీ, లోయర్ పరేల్ ప్రాంతముల మిల్లులలో మగ్గముల మ్రోత నడుమ ఆయుర్దాయము గడపిన పద్మశాలీ కుటుంబములు ఎన్నియో కలవు. నాతో వచ్చిన తాతగారు అట్టివారే. 1982 నాటి సమ్మెవఱకు మిల్లులో పనిచేసిరి. చిన్ననాడు నల్లగొండ జిల్లాలోని తమ యూర భజనమందిరమున మృదంగము వాయించెడివారట. ఈ నగరముననే 1935లో మెహ్లీ మెహతా బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించెను. అనగా పాశ్చాత్య వాద్యసంగీతమును, తెలుగు శ్రామికులును ఒకే నగరమున ఇరుగుపొరుగుగా దీర్ఘకాలము బ్రతికిరి. ఒకరి గడప నొకరు త్రొక్కుట మాత్రము అరుదు.

సభకు ముందునాడు తరగతిలో నేను పిల్లలకు ఒక నియమము బోధించితిని. కృతి నాలుగు భాగములుగా నుండును. భాగమునకును భాగమునకును నడుమ చప్పట్లు చరచరాదు. కండక్టరు సభవైపు తిరిగిన పిమ్మటనే చరచవలెను. ఈ నియమము ఎవరు పెట్టిరో, ఎప్పుడు పెట్టిరో నేను చెప్పలేదు. చెప్పుటకు నాడు నాకును తెలియదు.

మెండెల్‌సన్ కృతిలో చిక్కేమియు రాలేదు. మొదటి భాగము ముగియుచుండగా వాద్యములన్నియు నిలిచినను బసూన్ అను సుషిరవాద్య మొక్కటి ఒకే స్వరమును పట్టుకొని నిలుచును. దాని మీదుగానే రెండవ భాగము మొదలగును. చప్పట్లకు సందు లేదు. ఇది యాదృచ్ఛికము కాదు. ఈ కన్సర్టో 1845లో లైప్జిగ్ నగరమున మొదట వినబడినది. అంతకు మూడేండ్లు ముందే, 1842 నాటి స్కాటిష్ సింఫనీ విషయమున, భాగముల నడుమ వాడుకగా నుండు విరామము లేక వాయింపవలెనని మెండెల్‌సన్ స్వయముగా కోరియుండెను. వాడుకగా విరామమును, ఆ విరామమున సభాకోలాహలమును లేకున్నచో ఆయన కింత జాగ్రత్త యేల?

చైకోవ్‌స్కీ సింఫనీతో సభ స్వభావమే మారెను. ఆ కృతి అట్టిది. మొదటి భాగమున ఒకచోట ధ్వని క్రమక్రమముగా క్షీణించి, చెవియొగ్గినగాని వినబడని స్థితికి వచ్చును. ఆ మరుక్షణముననే వాద్యసమూహ మంతయు ఒక్కుమ్మడి పిడుగువలె విరుచుకొని పడును. మా ముందు వరుసలో ఒకామె చేతిలోని కార్యక్రమపత్రము జారి క్రింద పడెను. మా పిల్లలు ఉలికిపడి, ఉలికిపడినందుకు తమలో తామే నవ్వుకొనిరి. వెంటనే ఎవరో ‘ఉష్’ అనిరి. నవ్వు అపరాధమా యని నాకప్పుడే సందేహము కలిగినది. సభ నులికిపడజేయవలెననియే రచయిత అట్లు వ్రాసెను. ఉలికిపడిన వానికి నవ్వు వచ్చుట లోకసహజము.

రెండవ భాగము వాల్ట్జ్ నృత్యమువలె సాగును గాని, వాల్ట్జ్‌కు మూడు మాత్రలుండగా దీనికి అయిదు. యూరపు శ్రోతకు ఇది కుంటినడకగా తోచుననుట కలదు. తాతగారు మూడు నాలుగు ఆవర్తములు విని, మోకాటిపై వ్రేళ్లతో ‘తక–తకిట’ అని వేయసాగిరి. మన ఖండచాపే! నడక తప్పక, సద్దు చేయక, ఆ భాగము ముగియువఱకు వేసిరి. ఆ సభలో దానిని అంత చనువుతో అందుకొన్నవారు మఱి యెందఱుందురో. రోమాంటిక్ సంగీతము మనకు పరాయిదనువారు ఆ వ్రేళ్లను చూడవలసినది.

మూడవ భాగము రణయాత్రవలె నడచి, ఉబ్బెత్తుగా లేచి, తాళములతోను భేరులతోను మహోత్సాహముగా ముగియును. అది ముగియగానే మా వరుసలోని ఆ మనుమడు లేచి నిలుచుండి చప్పట్లు చరచెను. వానితోబాటు మేడపైన సగముమంది చరచిరి. క్రింద అక్కడక్కడ కొందఱు చరచిరి. కండక్టరు చేతులు దింపలేదు, వెనుదిరుగలేదు, చప్పట్లు ముగియకుండగనే నాలుగవ భాగమును ఎత్తుకొనెను. అందలి మొదటి శోకస్వరములు ఆ సద్దులో మునిగిపోయినవి. మా ముందున్న పెద్దమనిషి వెనుదిరిగి, బాలునివైపు వ్రేలు చూపి, ఇంగ్లీషున ఏమో గట్టిగా అనెను. వాడు కూర్చుండిపోయెను. చేతులు రెండును తొడల క్రింద పెట్టుకొని, తల వంచుకొని, సభ ముగియువఱకు అట్లే యుండెను. తాతగారు నా చెవిలో, “సారూ, గంత మంచిగ వాయించిండ్రు గదా, పోరడు చప్పట్లు కొడితె తప్పేంది?” అని యడిగిరి. నియమము పెట్టినవాడను నేనే. ప్రత్యుత్తర మీయలేకపోతిని.

కడపటి భాగము మెల్లమెల్లగా క్రిందికి దిగి, సెల్లోలును డబుల్ బాసులును మాత్రమే మిగిలి, ఊపిరి ఆరినట్లు ఆరిపోవును. ఆ రాత్రి బృందము దీనిని అత్యుత్తమముగా వాయించెనని నా తలంపు. సభ స్తంభించెను. దగ్గు లేదు, కదలిక లేదు. ఆ నిశ్శబ్దము ఇంకను నిండకమునుపే క్రింద ఎవరో ‘బ్రావో’ అని కేక వేసిరి. కృతి ముగిసిన దని ఎఱిగినవాడే అట్లు కేక వేయును. బాలుని గద్దించిన వ్రేలు ఈ కేకవైపు లేవలేదు.

ఈ రెండు స్పందనములలో ఏది దోషమని విచారించుటకు మనకు పరాయి ప్రమాణము అక్కఱలేదు. నాట్యశాస్త్రమున ఇరువదియేడవ అధ్యాయమున భరతుడు ప్రయోగసిద్ధిని మానుషి, దైవికి యని రెండుగా విభజించినాడు. ప్రేక్షకుల చిఱునవ్వు, నవ్వు, ‘సాధు’ అనుట, ‘అహో’ అనుట, ‘కష్టము’ అనుట, పెద్దపెట్టున మ్రోగు నాదము, మేను పులకరించుట, ఆసనమునుండి లేచుట, వస్త్రములు ఉంగరములు విసరుట – ఇవన్నియు మానుషీసిద్ధికి గుర్తులు. ప్రేక్షకశాల నిండియుండి, శబ్దము లేక, క్షోభ లేక, ఉత్పాతము లేక యుండుట దైవికీసిద్ధి. మొదటిది అపచారమని ఆయన అనలేదు. రెండును సిద్ధులే. వానిలో ఏది ఎప్పుడు కలుగవలెనో ప్రయోగమే నిర్ణయించును. ద్వారము చెంత అంటించిన నియమపత్రము నిర్ణయింపదు.

పద్యనాటకమున రాగము తీసిన నటునికి ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసినది మన సభ. ఒగ్గుకథలో కథ నడుమనే చదివింపులు చదివించునదియు మన సభయే. భరతుడు చెప్పిన వస్త్రముల యుంగరముల విసరుటకు ఇవి దూరపు చుట్టములు కావు. ఇట్టి సభలలో పెరిగిన తాత మనుమడు లేచి నిలుచుండుట వింత కాదు. అయితే పరాయి సంగీతమున కీ ఆచారము చెల్లునా యని ఆక్షేపము రావచ్చును. చెల్లెననియే చరిత్ర చెప్పుచున్నది.

1813 డిసెంబరున వియన్నాలో బీథోవెన్ ఏడవ సింఫనీ మొదట వాయించిననాడు అందలి రెండవ భాగమును మరల వాయింపుడని సభ కోరి వాయింపించుకొన్నది. 1824 మే 7న తొమ్మిదవ సింఫనీని విన్న సభ కరతాళధ్వనులు చేయగా, చెవుడు వచ్చిన ఆ మహనీయుడు వినలేకపోయినాడనియు, కారొలీన్ ఉంగర్ అను గాయని ఆయనను సభవైపు త్రిప్పి చూపినదనియు ప్రసిద్ధి. సభ మెచ్చనిది కూడ దాచుకొనలేదు. 1859 జనవరిలో లైప్జిగ్ నగరమున బ్రామ్స్ తొలి పియానో కన్సర్టోకు ఈసడింపులే ప్రతిఫలము. కాల్పనిక సంగీతము పెరిగిన సభ ఇట్టిది.

మౌనము పిమ్మట వచ్చినది. దానిని తెచ్చినవారిలో కాల్పనికులే ముఖ్యులు. మెండెల్‌సన్ సంగతి ముందే చెప్పితిని. వాగ్నర్ 1876లో బైరాయిట్ రంగశాలలో దీపములు తగ్గించి, సభను చీకటిలో కూర్చుండబెట్టెను. 1882లో ఆయన పార్సిఫల్ నాటకము ఆడుచుండగా ఒక దృశ్యమునకు ఆయనయే ‘బ్రావో’ అనగా, అన్నవాడెవడో తెలియక సభ ఆయననే ‘ఉష్’ అని గద్దించినదట! నియమము పుట్టించినవానినే నియమము కఱచుట ఇదియే కాబోలు.

మౌననియమము వ్యర్థమని నా వాదము కాదు. అది లేనిచో ఆ రాత్రి కడపటి భాగము మాకు వినబడియుండదు. నేననునది ఇంతే: ఆరవ సింఫనీ మూడవ భాగమును చప్పట్లు రప్పించునట్లే చైకోవ్‌స్కీ కట్టినాడు. ఏ దేశపు సభ గాని అచ్చట చరచుట నేటికిని కలదు. ఆ జయఘోషకు వెనువెంటనే ఏడ్పు తగిలించుటలోనే ఆ కృతి దెబ్బ యున్నది. కండక్టరు చేతులు దింపి, ఆ కోలాహలమును పూర్తిగా కానిచ్చి, అది తనంత తానణగిన పిమ్మట శోకమును ఎత్తుకొన్నచో ఆ దెబ్బ ఇనుమడించెడిది. సభను ఓడించవలెనని తొందరపడి ఆయన తన మొదటి స్వరములనే పోగొట్టుకొనెను. ఆనాటి ప్రయోగమున నాకు కనబడిన పెద్దలోపము ఇదొక్కటే.

ఈ కృతియే శ్రోత తనతో తెచ్చుకొనునదానికి కూడ సాక్ష్యము. 1893 అక్టోబరు 28న సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున చైకోవ్‌స్కీ స్వయముగా దీనిని నడపెను. సభ మర్యాద చేసెను గాని ఏమనుకొనవలెనో తెలియక తబ్బిబ్బు పడినదని ఆయనయే తన ప్రకాశకునికి వ్రాసికొనెను. నవంబరు 6న ఆయన మరణించెను. అదే నెల 18న నాప్రావ్నిక్ దీనిని మరల వాయింపించెను, సభ కదలిపోయినది. స్వరములలో మార్పు లేదు. మూడువారములలో మారినది వినువాడే.

మరుసటి సోమవారమున పిల్లలచేత సభను గూర్చి వ్రాయించితిని. ఏడుగురు పుటకు తక్కువ కాకుండ వ్రాసిరి. ఆ బాలుడు వ్రాసినవి రెండే వాక్యములు: “మూడోది చాలా బాగుంది. నాలుగోది నేను వినలేదు.” వ్యాసమునకు మార్కులు వేయక, వానిని పిలిచి, భరతుడు చెప్పినది, బీథోవెన్ సభ చేసినది చెప్పితిని. నేను పెట్టిన నియమము పూర్తిగా తెలిసి పెట్టినది కాదని కూడ చెప్పితిని. తల యూపెను.

మా పాఠశాలనుండి మరల ఇట్టి సభకు పోవుటకు జాబితా వ్రాయుచున్నాము. ఇంతవఱకు పదునొకండు పేర్లు వచ్చినవి. తాతగారు మొదటనే వ్రాయించుకొనిరి. మనుమని పేరు ఇంకను రాలేదు.