ఏళ్ల తరబడి నిలిచే గేమింగ్ పీసీ
తక్కువ బడ్జెట్‌లో చాలాకాలం నిలిచే గేమింగ్ పీసీకి విడిభాగాలు ఎంచడం గొప్ప నేర్పు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల ఆ పని తెలిసిన అసెంబ్లర్ ముందుగా మానిటర్ ఏదో, ఆడే ఆటలేవో కనుక్కుంటాడు. 1080పీ తెరకు ఏ గ్రాఫిక్స్ కార్డు చాలో అక్కడే తేలుతుంది. సొమ్ములో పెద్ద వాటా దానికే పోతుంది, పోవాలి కూడా. అతని దూరదృష్టి తెలిసేది మదర్‌బోర్డు దగ్గర. 2017లో వచ్చిన ఏఎం4 సాకెట్ బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేస్తే 2022 నాటి రైజెన్ 5 5600 ప్రాసెసర్ అమరుతుంది. బోర్డూ ర్యామూ అలాగే ఉంటాయి, పీసీకి మాత్రం కొత్త ఊపిరి వస్తుంది. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్‌గా కాక 8 జీబీవి రెండు పెట్టిస్తాడు, రెండు ఛానళ్లూ పనిచేయాలని.

అన్నిటికన్నా మెచ్చుకోవలసింది, ఎవరి కంటా పడని పవర్ సప్లై విషయంలో అతని పట్టుదల. రంగుల లైట్ల మీద పెట్టబోయే డబ్బును దీనికి మళ్లిస్తాడు. భాగాలన్నీ లాగే వాట్లు కూడి, పైన కొంత మిగులు ఉంచి, వారంటీ ఎక్కువున్నది తీస్తాడు. నాసిరకంది చెడితే మిగతా భాగాలనూ పాడుచేయగలదు. మంచిదైతే గ్రాఫిక్స్ కార్డు మారినా అదే సరిపోతుంది. క్యాబినెట్ ముందు గాజుకు బదులు జాలీ ఉండేలా చూస్తాడు. మన ఎండలకు గాలి ఆడాలి, దుమ్ము దులపడానికి ఫిల్టర్ ఊడి రావాలి. వారంటీ భాగానికో తీరుగా ఉంటుంది కాబట్టి, బిల్లులన్నీ ఒక కవరులో పెట్టి మరీ చేతికిస్తాడు.