ప్యాచ్ పంపే పనిముట్టు

లినక్స్ కెర్నల్‌కు మార్పులు నేటికీ ప్రధానంగా ఈమెయిల్‌లో ప్యాచ్‌లుగానే వెళ్తాయి. దారిలో ఒక్క ట్యాబ్ స్పేస్‌లుగా మారినా ప్యాచ్ అతకకపోవచ్చు. 2005లో పుట్టిన గిట్‌లోని ఫార్మాట్-ప్యాచ్ ప్రతి కమిట్‌నూ ఒక ఉత్తరంగా మలుస్తుంది. సెండ్-ఈమెయిల్ వాటిని వరుసగా, చెక్కుచెదరకుండా పంపుతుంది. అయినా ఎవరికి పంపాలో వెతకడం, కవర్ లెటర్ దాచుకోవడం, మలి విడతకు వీ2 అని గుర్తు వేయడం రాసేవారి నెత్తినే ఉండేవి.

కాన్‌స్టాంటిన్ ర్యాబిత్సెవ్ రూపొందించిన బీ4 అనే పనిముట్టులో 2022లో చేరిన ప్రెప్, సెండ్ ఆదేశాలు ఆ బరువు దించాయి. కవర్ లెటర్ బ్రాంచ్‌తోనే ఉంటుంది. ఒక్క ఆదేశంతో చిరునామాలు చేరతాయి. పంపగానే విడత సంఖ్య పెరుగుతుంది. సమీక్షకుల ఆమోదాలను ట్రైలర్స్ ఆదేశం కమిట్‌లలోకి చేరుస్తుంది. సెండ్‌లో రిఫ్లెక్ట్ ఎంచుకుంటే ఉత్తరాలు పంపేవారికే వస్తాయి. తప్పులు అక్కడే దిద్దుకోవచ్చు.

పనిచేసేవారి ఇబ్బంది ఎరిగి చేసిన పనిముట్టు ఇది. కెర్నల్‌కు తొలి ప్యాచ్ పంపేవారు దీనితో మొదలుపెట్టడం మేలు.